అరవై దాటాక అమీర్‌పేట

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేయకముందే ఎవరో ఒకరు చేతిలో కరపత్రం పెడతారు. జావా, పైథాన్, డెవాప్స్, శాప్, డేటా సైన్స్. ఒకప్పుడు ఒరాకిల్, డాట్ నెట్ అని రాసి ఉన్న చోటే ఇప్పుడు ఇవి రాసి ఉన్నాయి. కోర్సుల పేర్లు మారతాయి, ఫ్లెక్సీలు మారతాయి, "రేపటి నుంచే కొత్త బ్యాచ్, డెమో క్లాసు ఉచితం" అన్న మాట మాత్రం మారదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా డిగ్రీ చేతికొచ్చిన కుర్రకారు ఇక్కడికే వస్తారు. బల్కంపేట, ఎస్.ఆర్. నగర్ సందుల్లోని హాస్టళ్లలో ఓ మంచం అద్దెకు తీసుకుని, కొన్ని నెలలు కూర్చుని, ఒక కొత్త భాష నేర్చుకుని వెళ్లిపోతారు. కంప్యూటరు భాషే కావచ్చు, నేర్చుకునే మెదడుకు అదీ భాషే.

ఇంత పెద్ద చదువుల బజారులో ఒక వయసు వాళ్లు మాత్రం విద్యార్థులుగా కనబడరు. హాస్టళ్లకు మేడలు అద్దెకిచ్చినవాళ్లు, కింది గదిలో కిరాణా నడిపేవాళ్లు, పొద్దున్నే ఎల్లమ్మ గుడికి వెళ్లొచ్చి గేటు దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదివే పెద్దలు. వాళ్లు అద్దె వసూలు చేస్తారు, మనవడి ఫీజు కడతారు, తాము మాత్రం ఏ క్లాసులోనూ చేరరు. ఎందుకని అడిగితే "ఈ వయసుల నాకెందుకయ్యా" అంటారు. ఆ మాటలో వినయం కొంత, బద్ధకం కొంత. మిగతాది నమ్మకం: మెదడుకు ఒక వయసు దాకానే చదువు ఎక్కుతుందని, ఆ తర్వాత ఎంత రుద్దినా లాభం లేదని.

ఈ నమ్మకం ఎంతవరకు నిజమో చూడటానికి విదేశీ ప్రయోగశాలలతో మొదలుపెట్టాల్సిన పనిలేదు. బల్కంపేట నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో పంజాగుట్ట. అక్కడ నిమ్స్. ఒకప్పటి నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. ఎముకల దవాఖానాగా పుట్టిన ఆ సంస్థలోని న్యూరాలజీ విభాగం నుంచి 2013లో వెలువడిన ఒక పరిశోధనను ముసలితనం, మెదడు అన్న విషయం మీద పనిచేసేవాళ్లు ప్రపంచమంతటా చదివారు, ఇప్పటికీ దాని మీద వాదించుకుంటున్నారు.

నిమ్స్ ఫైళ్లలో ఏముంది

డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన పని చెప్పుకోవడానికి చాలా సాదాగా ఉంటుంది. 2006 నుంచి 2012 దాకా నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చి, డిమెన్షియా అని నిర్ధారణ అయిన 648 మంది రోగుల కేసు పత్రాలను వాళ్లు పరిశీలించారు. జబ్బు లక్షణాలు మొదట ఏ వయసులో బయటపడ్డాయి? ఆ మనిషికి ఎన్ని భాషలు వచ్చు? ప్రధానంగా ఈ రెండు ప్రశ్నలు. 648 మందిలో 391 మందికి రెండో అంతకుమించో భాషలు వచ్చు. హైదరాబాద్‌లో ఇది వింత కాదు. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో హిందీయో ఇంగ్లీషో. ఒక్క భాషతోనే బతుకు వెళ్లదీసినవాళ్లలో జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైంది. రెండు భాషలు వచ్చినవాళ్లలో 65.6 ఏళ్లకు. తేడా నాలుగున్నరేళ్లు.

డిమెన్షియాను వెనక్కి నెట్టే మందు ఇవాళ్టికీ మన చేతిలో లేదు. నాలుగున్నరేళ్లు ఆపగల మాత్రను ఏ కంపెనీ అయినా తయారుచేస్తే దాని షేరు ధర ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. అలాంటిది, కూరగాయల బండి దగ్గర బేరమాడే భాషకు అంత బలం ఉందా?

అనుమానించాలి. పరిశోధకులూ అనుమానించారు. రెండు భాషలు వచ్చినవాళ్లు మామూలుగా ఎక్కువ చదువుకున్నవాళ్లు, కాస్త కలిగినవాళ్లు. కాబట్టి ఆ లాభం చదువుది కావచ్చు, డబ్బుది కావచ్చు, భాషది కాకపోవచ్చు. అంతకుముందు 2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ బృందం 184 మంది రోగుల మీద ఇలాంటి ఫలితమే చూపించినప్పుడు కూడా ఒక ఆక్షేపణ వచ్చింది. అక్కడి ద్విభాషులు చాలామంది వలస వచ్చినవాళ్లు. వలస పోయేవాడు సాధారణంగా ఊళ్లో గట్టివాడే. అతని ఆరోగ్యం అతని భాష వల్ల వచ్చిందా, అతని గట్టితనం వల్ల వచ్చిందా?

ఇక్కడే హైదరాబాద్ కలిసొచ్చింది. ఈ ఊళ్లో రెండో భాష రావడానికి వలస పోనక్కర్లేదు, బడికి వెళ్లనక్కర్లేదు, గల్లీలో ఆడుకుంటే చాలు. పైగా నిమ్స్ రోగుల్లో దాదాపు 14 శాతం మందికి చదవడం, రాయడం రాదు. వాళ్లను మాత్రమే విడిగా తీసి లెక్కగడితే తేడా తగ్గలేదు సరికదా, ఆరేళ్లకు పెరిగింది. బడి మొహం చూడని మనిషి, రెండు భాషలు మాట్లాడే మనిషి, ఆ ఆరేళ్లు సంపాదించుకున్నాడు. నా మటుకు నాకు ఆ పత్రం మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదే. చదువు అంటే సర్టిఫికెట్ అని అలవాటుపడ్డ మనకు, మెదడు సర్టిఫికెట్లు అడగదని చెప్పిన అంకె అది. మరో చిన్న విషయం కూడా అందులో ఉంది: రెండు భాషల తర్వాత మూడోది, నాలుగోది వచ్చినా అదనపు లాభం కనబడలేదు.

అసలు రెండు భాషలు మెదడును ఏం చేస్తాయి? బల్కంపేట సందు మలుపులో ఒక పెద్దావిడ ఆటో ఆపే దృశ్యం చూడండి.

"నిమ్స్ దవాఖానాకు ఎంత భయ్యా?"

"అస్సీ రూపే అమ్మా."

"సాఠ్ దేతీ, చలో." ఇంతలో ఫోను మోగుతుంది. "ఆ బిడ్డా, ఆటో ఎక్కుతున్న. కూర పొయ్యి మీదనే ఉన్నది, ఓసారి చూడు."

అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అర నిమిషంలో మెదడు రెండుసార్లు గేరు మార్చింది. భాషాశాస్త్రజ్ఞులు చెప్పేదేమిటంటే, రెండు భాషలు వచ్చిన మనిషిలో రెండూ ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. "అరవై" అనాలా "సాఠ్" అనాలా అన్న పోటీ లోపల ప్రతిసారీ జరుగుతుంది. ఒకదాన్ని అదిమిపెట్టి మరొకదాన్ని పైకి తేవాలి, ఎదుటి మనిషి మారగానే తారుమారు చేయాలి. ఈ అదిమిపెట్టడం, మార్చడం, గమనించడం అన్నీ నుదుటి వెనకున్న మెదడు భాగాలు చేసే పనులు. వయసుతో ముందుగా సడలేవి కూడా సరిగ్గా ఈ పనులే. యాభై ఏళ్లపాటు రోజూ వందసార్లు ఈ కసరత్తు చేసిన మెదడు కాస్త తట్టుకుంటుందని వాదన.

తట్టుకోవడం అంటే జబ్బు రాకపోవడం కాదు. 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం 137 మంది వృద్ధుల మెదళ్లను వాళ్ల మరణానంతరం పరీక్షించింది. కొందరి మెదడు నిండా ఆల్జీమర్స్ మచ్చలున్నాయి, కానీ బతికున్నన్నాళ్లూ వాళ్లలో మతిమరుపు పెద్దగా కనిపించలేదు. నష్టం జరిగింది, పని ఆగలేదు. దీన్నే తర్వాత యాకోవ్ స్టెర్న్ వంటివారు మెదడు 'నిల్వ' అన్నారు. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద బండ్లు నిలిచిపోతే, ఒక్క దారే తెలిసిన డ్రైవరు హారన్ కొడుతూ కూర్చుంటాడు. ద్వారకాపురి కాలనీ సందులు తెలిసినవాడు దూరిపోతాడు. జామ్ ఇద్దరికీ ఒకటే.

అదే నిమ్స్‌లో పక్షవాతం వచ్చిన 608 మంది మీద 2016లో వచ్చిన మరో పత్రం ఈ ఊహకు బలమిచ్చింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు ఏకభాషుల్లో 19.6 శాతమైతే, ద్విభాషుల్లో 40.5 శాతం. దెబ్బ అదే, కోలుకోవడంలో తేడా.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు. 2017లో లండన్‌లో నహీద్ ముకాదమ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. రోగుల పాత పత్రాలు తిరగేసిన అధ్యయనాల్లో భాషల లాభం కనబడింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఎంచుకుని, ఏళ్ల తరబడి వెంట నడిచి, ఎవరికి జబ్బు వస్తుందో చూసిన అధ్యయనాల్లో అంతగా కనబడలేదు. రెండో పద్ధతే సాధారణంగా గట్టిది. కానీ అందులో ఎక్కువ భాగం హైదరాబాద్ లాంటి ఊళ్లలో జరగలేదు. ఏడాదికోసారి చుట్టాలొస్తే మాట్లాడే రెండో భాషకూ, పూటకు పదిసార్లు వాడే రెండో భాషకూ తేడా ఉండదా? ఉండొచ్చు. తీర్పు ఇంకా రాలేదు. ఎంత భాష, ఎన్నేళ్లు, ఎంత తరచుగా అన్నది తేలేదాకా రాదు కూడా.

ఆరంకెల పరీక్ష

భాషల సంగతి అలా ఉంచి, అరవై దాటిన మెదడులో అసలు ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు? "అన్నీ తగ్గుతాయి" అనేది తప్పు జవాబు. జాషువా హార్ట్‌షోర్న్, లారా జర్మీన్ 2015లో వేలాది మంది మీద జరిపిన పరీక్షల్లో ఒక్కో శక్తి ఒక్కో వయసులో శిఖరానికి చేరుతున్నట్టు తేలింది. చకచకా పోల్చి చెప్పే వేగం ఇరవై నిండకముందే శిఖరం చేరి దిగడం మొదలుపెడుతుంది. పదసంపద మాత్రం అరవైల్లో, డెబ్బైల తొలినాళ్లలో కూడా పెరుగుతూ కనబడింది. ఇంటి పెద్ద మాటకు బరువు, మనవడి వేలికి వేగం ఎక్కడి నుంచి వచ్చాయో దీంట్లో తెలుస్తుంది.

ఆ వేగమూ దానితో ముడిపడ్డ తాత్కాలిక జ్ఞాపకమూ ఎక్కడ దెబ్బతీస్తాయో చూడాలంటే ఓటీపీని మించిన ప్రయోగం లేదు. ఈ దృశ్యం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది.

"నానమ్మా, మెసేజ్ వచ్చింది చూడు. పైనుంచి కిందికి గుంజు."

"వచ్చింది రా. నాలుగు, ఏడు, రెండు..."

"గట్టిగ చదవకు. యాదిల పెట్టుకొని ఇగో ఈడ కొట్టు."

నానమ్మ వేలితో తెర మారుస్తుంది. మెసేజ్ మాయం. కింద అంకెల పలక వస్తుంది. నాలుగు ఎక్కడుందో వెతకాలి. దొరికింది. ఏడు. దొరికింది. మూడోది రెండా, తొమ్మిదా? ఈలోపు పైన ఇంకో ప్రకటన జారుతుంది, మనవడు "తొందరగ, టైం అయిపోతది" అంటాడు. అంతే, మిగిలిన అంకెలు ఎగిరిపోయాయి.

ఆమెకు మతిమరుపు వచ్చిందని ఇంట్లో గుసగుస మొదలవుతుంది. నిజానికి జరిగింది వేరు. ఏదైనా సమాచారాన్ని చేతిలో పట్టుకున్నట్టు కొన్ని క్షణాలు పట్టుకుంటూ, అదే సమయంలో ఇంకో పని చేయడానికి మెదడులో చోటు చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ దాన్ని ఏడుకు అటూఇటుగా అన్నాడు. తర్వాత నెల్సన్ కోవాన్, గుంపులు కట్టడం వంటి సాయాలు తీసేస్తే నాలుగే అన్నాడు. వయసుతో ఆ చోటు మరీ కుంచించుకుపోకపోయినా, అక్కర్లేనిదాన్ని లోపలికి రానివ్వకుండా ఆపే కాపలా సడలుతుంది. తెర మారడం, అంకె వెతకడం, మనవడి కేక అన్నీ లోపలికొచ్చి అంకెల్ని తోసేస్తాయి. గోల తగ్గించి, ఆరంకెలను 472, 918 అని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్క సంఖ్యగా పలకడం నేర్పితే అదే నానమ్మ చాలాసార్లు నెగ్గుకొస్తుంది. "నాలుగొందల డెబ్బై రెండు" అన్నది పాల లెక్క రాసుకున్న మెదడుకు పాత చుట్టమే. కొత్తదాన్ని పాతదానికి తగిలించడం పెద్దవాళ్ల చదువులో మొదటి కిటుకు. వాళ్ల దగ్గర తగిలించడానికి కావలసినన్ని కొక్కేలున్నాయి.

ఇక మెదడు నిర్మాణమే మారుతుందా అన్న ప్రశ్న. 2008లో జర్మనీలో సగటున అరవై ఏళ్లున్నవాళ్లకు మూడు బంతులతో గారడీ నేర్పారు. మూడు నెలల తర్వాత స్కాన్ తీస్తే, కదిలే వస్తువుల్ని కనిపెట్టే ప్రాంతంలోనూ, కొత్త జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్‌లోనూ బూడిద పదార్థం పెరిగింది. కుర్రవాళ్లంత బాగా గారడీ చేయలేకపోయారు, అది నిజం. సాధన మానేశాక పెరిగింది తరిగిపోయింది, అదీ నిజం. అక్షరాలు నేర్చుకోవడం సంగతీ అంతే. పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్ల మెదడులో కూడా అక్షరాలను గుర్తుపట్టే ప్రాంతం తయారవుతుందని స్టానిస్లాస్ దెహేన్ బృందం 2010లో చూపింది. లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని స్త్రీలకు ఆరు నెలలు హిందీ చదవడం నేర్పి స్కాన్ చేస్తే, మెదడు లోతుల్లోని పాత భాగాల మధ్య సంబంధాలు కూడా మారినట్టు 2017లో తేలింది. వాళ్లు అరవై దాటినవాళ్లు కాదు, ముప్పై ఏళ్ల అటూఇటూ. అయినా, బడి ఈడు దాటాక అక్షరం ఎక్కదన్న మాటకు అది చాలినంత జవాబు.

ఏ క్లాసు పనిచేస్తుంది

కాలక్షేపం వేరు, చదువు వేరు. ఈ రెండిటి మధ్య తేడాను డెనిస్ పార్క్ అమెరికాలోని డల్లాస్‌లో కొలిచి చూపింది. 2014లో అచ్చయిన ఆ ప్రయోగంలో 60 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 221 మంది పాల్గొన్నారు. కొందరికి డిజిటల్ ఫోటోగ్రఫీ నేర్పారు, కంప్యూటర్లో ఫోటోలు దిద్దడంతో సహా. కొందరికి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ. మరో గుంపును కలిసి కబుర్లు చెప్పుకోవడానికి, ఆటలాడుకోవడానికి, ఊళ్లు చూసి రావడానికి వదిలారు. ఇంకో గుంపు ఇంట్లోనే పాటలు వింటూ, తెలిసిన పదాల పజిళ్లు చేసుకుంటూ గడిపింది. వారానికి పదిహేను గంటల చొప్పున మూడు నెలలు. చివర్లో జ్ఞాపకశక్తి మెరుగుపడింది కొత్త పని నేర్చుకున్నవాళ్లలో, ముఖ్యంగా ఫోటోగ్రఫీ వాళ్లలో. కబుర్ల గుంపు సంతోషంగా గడిపింది, జ్ఞాపకశక్తి దగ్గర ఆగిపోయింది.

సీనియర్ సిటిజన్ల సంఘాలు ఇక్కడ కాస్త నొచ్చుకోవచ్చు. కాలనీ హాల్లో క్యారమ్ బోర్డు, నెలకో ప్రవచనం, ఏడాదికో తీర్థయాత్ర; ఒంటరితనానికి ఇవన్నీ మంచి మందులే, వాటిని మానమని ఎవరూ అనరు. కానీ పేపర్లో రోజూ నింపే గళ్లనుడికట్టు వల్ల మెదడు పదునెక్కుతుందనే నమ్మకానికి ఆధారం పలచన. నలభై ఏళ్లుగా చేస్తున్న పని మెదడును కష్టపెట్టదు. కష్టం లేనిచోట మార్పు లేదు.

కష్టం అంటే కంప్యూటర్ ముందు కూర్చుని మెదడు ఆటలు ఆడటమా? అమెరికాలో 'యాక్టివ్' పేరిట 2800 పైచిలుకు వృద్ధుల మీద జరిగిన పెద్ద ప్రయోగం జ్ఞాపకం, తర్కం, వేగం వీటిలో ఒక్కోదానికి విడిగా శిక్షణ ఇచ్చింది. తర్కం నేర్చుకున్నవాళ్లు తర్కంలో, వేగం సాధన చేసినవాళ్లు వేగంలో పదేళ్ల తర్వాత కూడా ముందున్నారు. జ్ఞాపక శిక్షణ ప్రభావం అప్పటికి కరిగిపోయింది. నేర్చుకున్న సందులోంచి పక్క సందుకు లాభం దాటింది చాలా తక్కువ. కాబట్టి బతుకులో పనికొచ్చేదాన్నే నేర్చుకోవడం మేలు: వాడకమే సాధన అవుతుంది కదా.

భాష ఆ పరీక్షలో బాగా నిలుస్తుంది. నిమ్స్ పత్రంలో భాగస్వామి అయిన ఎడిన్‌బరో పరిశోధకుడు థామస్ బాక్, స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో వారం రోజుల గేలిక్ భాషా తరగతికి వచ్చినవాళ్లను పరీక్షించాడు. వయసు 18 నుంచి 78. వారం చివర ధ్యాసను ఒకదాని నుంచి మరొకదానికి మార్చే నేర్పు అన్ని వయసుల్లోనూ పెరిగింది. తొమ్మిది నెలల తర్వాత, వారానికి ఐదు గంటలైనా సాధన కొనసాగించినవాళ్లలో ఆ మెరుగు నిలిచింది. 2016లో వచ్చిన ఈ పత్రంలో మనుషులు 33 మందే, గొప్పలు పోకూడదు. కానీ వారానికి ఐదు గంటలంటే రోజుకు నలభై ఐదు నిమిషాలు కూడా కాదు, ఒక్క టీవీ సీరియలూ దాని ప్రకటనలూ కలిపినంత.

అమీర్‌పేట మార్కు 'ఫాస్ట్‌ట్రాక్' మాత్రం ఈ వయసుకు కుదరదు. ముప్పై రోజుల్లో మొత్తం కుక్కేసే పద్ధతి ఉద్యోగం కోసం వచ్చిన కుర్రాడికి ఇంటర్వ్యూ దాకా పనికొస్తుందేమో. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగం చేసుకుని, ఒకే రోజు పదిసార్లు చదవడం కన్నా రోజులు ఎడం ఇచ్చి చదివింది ఎక్కువ నిలుస్తుందని చూపాడు. 2006లో రోడిగర్, కార్పికీ మరో మెలిక కనిపెట్టారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో గెలిచారు. పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్లు వారం తర్వాత పెట్టిన పరీక్షలో గెలిచారు. అప్పజెప్పించడం అనే మన వీధిబడి పద్ధతికి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు. అందులోంచి బెత్తాన్ని తీసేస్తే సరి.

గది సంగతి కూడా పాఠంతో సమానం. పైన ఫ్యాను గరగరమంటుంటే, బయట హారన్లు మోగుతుంటే, మాస్టారు బోర్డు వైపు తిరిగి మాట్లాడుతుంటే, చెవి మందగించినవాళ్లకు సగం మాటలే చేరతాయి. మిగతా సగం ఊహించుకోవడంలోనే మెదడు శక్తి అయిపోతుంది, గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు. 70 నుంచి 84 ఏళ్ల మధ్యనున్న 977 మందితో జరిగి 2023లో ఫలితాలొచ్చిన 'అచీవ్' ప్రయోగంలో, వినికిడి యంత్రాలు పెట్టడం వల్ల మొత్తం గుంపులో తేడా తేలలేదు. మెదడు క్షీణించే ప్రమాదం ఎక్కువున్నవాళ్లలో మాత్రం మూడేళ్లలో ఆ క్షీణత దాదాపు సగం తగ్గింది. పెద్దల క్లాసుకు రిజిస్ట్రేషన్ బల్ల పక్కనే చెవుల పరీక్ష బల్ల ఉండాలని నేను అనేది అందుకే. వేళ కూడా చూడాలి. లిన్ హాషర్, సింథియా మే 1990ల నుంచి చూపిస్తున్నదేమంటే, పెద్దవాళ్ల ధ్యాస పొద్దుటి పూట చురుగ్గా ఉండి సాయంత్రానికి సన్నగిల్లుతుంది. కుర్రాళ్లకు సరిగ్గా తిరగేసి. సాయంత్రం ఆరు గంటల బ్యాచ్ వాళ్లకే వదిలేయడం మంచిది.

ఇవన్నీ అమర్చినా "కాటికి కాళ్లు చాచుకున్న వయసులో" అన్న మాట ఒకటి మిగులుతుంది. అది నోటిమాటే అనుకుంటాం. అమెరికాలోని ఒహాయోలో 660 మందిని ఇరవై ఏళ్లకు పైగా గమనించిన లెక్కల్లో, తమ వృద్ధాప్యం గురించి మంచిగా అనుకున్నవాళ్లు చెడుగా అనుకున్నవాళ్లకన్నా సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారని బెకా లెవీ 2002లో రాసింది. అనుకోవడం వల్లే బతికారా, బాగున్నారు కాబట్టి అలా అనుకున్నారా అని మళ్లీ అనుమానించవచ్చు. ఆరోగ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా నిలిచిందని ఆమె జవాబు.

మన దగ్గర ఇది కొత్తా?

కాదు. పర్లాకిమిడిలో టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి పెద్దయ్యాకే సవర భాష నేర్చుకున్నాడు. 1863లో పుట్టిన ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేసరికి ఆయనకు డెబ్బై ఐదు. మరో రెండేళ్లకు కన్నుమూశాడు. వాడుకభాష పోరాటయోధుడిగా తలుచుకునే మనం ఈ సంగతి తక్కువ తలుచుకుంటాం.

నెల్లూరు జిల్లాలో 1990 తర్వాత సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో పగలంతా కూలికి పోయి రాత్రి పలక పట్టిన ఆడవాళ్లు, వాచకంలోని సారా పాఠం మీద మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ 1992 నాటికి దూబగుంటలో సారా దుకాణాలనే మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పెద్దల క్లాసుల ఫలితాన్ని జ్ఞాపకశక్తి మార్కులతోనే కొలిచే పరిశోధకులకు ఈ మార్పును ఏ గడిలో వేయాలో తెలియదు.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా మనదే. 1982లో జి. రాంరెడ్డి తొలి వైస్‌ఛాన్సలర్‌గా హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, బడికి వెళ్లనివాళ్లను కూడా ప్రవేశ పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. అక్కడ చేరినవాళ్లకు కావలసింది డిగ్రీ. డిగ్రీతో పనిలేని చదువుకు దారి వేసింది ఫ్రాన్స్‌లోని తులూజ్. అక్కడ 1973లో పియర్ వెల్లాస్ 'మూడో వయసు విశ్వవిద్యాలయం' తెరిచాడు. 1980ల మొదట్లో అది బ్రిటన్ చేరేసరికి ప్రొఫెసర్లు మాయమయ్యారు. సభ్యులే ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు: ఈ వారం మాస్టారు వచ్చే వారం విద్యార్థి. పరీక్షల్లేవు, పట్టాల్లేవు.

బల్కంపేటకు ఈ రెండో పద్ధతి అతుకుతుంది. ఈ పేటలో రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, దర్జీలు, మెకానిక్కులు ఉన్నారు. ఆషాఢంలో నేలమట్టానికి కింద కొలువైన ఎల్లమ్మ కల్యాణానికి ఎన్ని భాషల జనం వస్తారో క్యూలో నిలబడ్డవాళ్లకు తెలుసు. ఏం నేర్పాలంటే నాదొక సూచన. 1948కి ముందు హైదరాబాద్ రాజ్యంలో బడికెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది ఉర్దూ మీడియంలోనే చదివారు, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పాఠాలు కూడా ఉర్దూలోనే నడిచేవి. ఆ తరం చాలావరకు వెళ్లిపోయింది. ఇప్పుడు అరవైల్లో ఉన్న వాళ్ల పిల్లలు దక్కనీలో బేరమాడతారు, తిడతారు, నవ్విస్తారు. తాత రాసిన భూమి కాగితం మాత్రం చదవలేరు. అదే గల్లీలో ఉర్దూ ఇంటి పెద్దాయన తెలుగు గలగలా మాట్లాడతాడు, బస్సు బోర్డు దగ్గర తడుముకుంటాడు. మాట ఇద్దరికీ వచ్చు, కొత్త లిపి మాత్రమే కావాలి. కష్టం తగినంత, పాత కొక్కేలు బోలెడు, వాడకం గుమ్మం ముందే. ఉర్దూ తెలిసినవాళ్లు తెలుగువాళ్లకు అలిఫ్ బే నేర్పి, బదులుగా అ ఆలు దిద్దించుకుంటే మాస్టారి జీతం ఖర్చు కూడా లేదు.

దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. వినికిడి లోపం, తక్కువ చదువు, ఒంటరితనం, బీపీ, షుగరు వంటి 14 కారణాలను సరిదిద్దగలిగితే ప్రపంచంలోని కేసుల్లో 45 శాతం దాకా తప్పించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్క. మరి అరవై ఐదులో నేర్చుకున్న లిపి, యాభై ఏళ్లు మాట్లాడిన భాష ఇచ్చినంత రక్షణ ఇస్తుందా? నిమ్స్ పత్రం దీనికి జవాబు చెప్పలేదు, అది జీవితమంతా మాట్లాడినవాళ్ల లెక్క. తేల్చాలంటే ఒకే పేటలోని పెద్దలను చీటీలు తీసి రెండు జట్లు చేయాలి. ఒక జట్టుకు లిపి క్లాసు, మరో జట్టుకు అంతే సమయం అంతే కలివిడితనంతో భజనో క్యారమ్సో పెట్టి, ఏడాదికోసారి రెండు జట్లనూ పరీక్షిస్తూ ఐదేళ్లో పదేళ్లో ఆగాలి. చదువు రానివాళ్లకు కూడా సరిపోయేలా తెలుగులో మలిచిన పరీక్షలు నిమ్స్ వైద్యులు వాడినవే ఉన్నాయి. చిక్కు చీటీల దగ్గరే వస్తుంది. భజన జట్టులో పడ్డ డెబ్బై ఏళ్ల పెద్దాయన, పక్క గదిలో తన స్నేహితుడు అలిఫ్ బే దిద్దుతుంటే, ప్రయోగం పూర్తయ్యాక మీ వంతు అంటే ఒప్పుకోడు. అందుకని రెండేళ్లకోసారి జట్లు మార్చే పద్ధతి పెట్టుకోవాలి. లెక్కలు కట్టేవాడికి తలనొప్పి పెరుగుతుంది, క్లాసులో మాత్రం మనుషులు మిగులుతారు.